బాపు పెట్టిన మైనం

ఇప్పుడు నొప్పి లేదు. ఈ మాట రాసి, కలం పక్కన పెట్టి, పై వరుసలోని ముందు పన్నును నాలుకతో మెల్లగా తడిమి చూసుకున్నాను. నిజంగానే లేదు. నన్ను నిలువునా తినేసిన ఆ పన్ను ఇప్పుడు పక్క పళ్ళ మధ్య ఏమీ ఎరగనట్టు కూర్చుంది. అద్దంలో దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది చార్మినార్ దగ్గరి లాల్‌దర్వాజా. అమ్మవారి గుడిలో పొద్దునా సాయంత్రమూ సన్నాయి ఊదడం తాతల నాటి నుంచీ మా ఇంటి పని. మా నాయనను బాపు అంటాం. ఆయన పెదవులు వణకడం మొదలయ్యాక ఆ సన్నాయి నా చేతికి వచ్చింది. బాపు నిజాం కాలపు బడిలో చదివాడు. ఉర్దూ గడగడా చదువుతాడు, తెలుగు మాట్లాడతాడే గానీ ఒక్క అక్షరం గుర్తుపట్టలేడు. నేను మా గల్లీ చివర ఉన్న గ్రంథాలయంలో కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. పంటి వేరుకు వైద్యం చేయించుకుని, ఆ తర్వాత నొప్పితో గోడకు తల కొట్టుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం రాస్తున్నాను. నా గుండె దడ తగ్గడానికి కూడా రాస్తున్నాను.

పోయిన ఏటి బోనాలు

దీనికి మొదలు ఒక తోపులాట. పోయిన ఏడు బోనాల ఊరేగింపులో అమ్మవారి నైవేద్యం తీసుకెళ్ళే ఫలహారం బండి ముందు నడుస్తూ ఊదుతున్నాను. వెనక నుంచి జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఎవరి భుజమో సన్నాయి అంచుకు తగిలింది, ఇవతలి కొస వచ్చి నా ముందు పన్నును గుద్దింది. కళ్ళు బైర్లు కమ్మాయి. రక్తం ఉమ్మేసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని మళ్ళీ ఊదాను. ఊరేగింపు మధ్యలో సన్నాయి ఆపితే బాపు ఊరుకోడు మరి.

కొన్నాళ్ళు సలిపి, తర్వాత ఊరుకుంది. పన్ను మాత్రం మెల్లగా బూడిద రంగుకు తిరిగింది. యాదమ్మ, అంటే నా భార్య, ఒకటి రెండు సార్లు "గా పన్ను ఏందయ్యా, నల్లగయితుంది" అంది. నేను పట్టించుకోలేదు.

ఎండలు తగ్గుతున్నప్పుడు

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయో లేదో పన్ను నిద్ర లేచింది. మొదట సన్నగా, తర్వాత ఎడతెగకుండా. పంటి చిగురు మీద చిన్న బుడిపె లేచింది. సన్నాయి నోట పెట్టుకుంటే తల వెనకదాకా పోటు.

మా వైపు పన్ను నొచ్చిందంటే పీకించుకోవడమే. యాదమ్మ కూడా అదే అంది.

"ఒక్క పన్ను తీపిచ్చుకుంటే ఏమైతది? నోట్ల ఇంకన్ని లేవా?"

బాపు ఒప్పుకోలేదు. "గది ముంగటి పన్ను బిడ్డా. దాని మీదనే పెదవి నిలుస్తది. అది పోతే గాలి ఆగది. గాలి ఆగకుంటే సన్నాయి యాడ పలుకుతది?"

నాకూ ఆ భయమే. మా పక్క గల్లీలో ఒకాయన ముందు పళ్ళు పోయాక సన్నాయి మానేసి కల్లు దుకాణం ముందు కూర్చునేవాడు. ఆయన సన్నాయి మా ఇంటికే అమ్మేశాడు. నాకు ఇంకో పని రాదు. ఆషాఢం చివర్లో మా అమ్మవారి బోనాలు. అప్పటికి నేను ఊదకపోతే గుడివాళ్ళు ఇంకొకరిని పిలుస్తారు, వచ్చినవాడు మళ్ళీ కదలడు.

పన్ను పీకకుండా బాగుచేసే డాక్టరు పత్తర్‌గట్టీలో ఒక మేడ మీద ఉన్నాడని బాపే కనుక్కొచ్చాడు. బొంబాయిలో చదివొచ్చిన మనిషి, నెమ్మదైన గొంతు. పంటి లోపల నరం చచ్చిపోయి చీము పట్టిందనీ, వెనక నుంచి చిన్న రంధ్రం చేసి వేరు దాకా శుభ్రం చేస్తే పన్ను నిలుస్తుందనీ చెప్పాడు. దాన్ని రూట్ కెనాల్ అంటారట. దర్జీ మిషను తొక్కినట్టు కాలితో ఒక యంత్రం తొక్కుతూ పంటిలోకి తొలిచాడు. పుర్రె అంతా గిర్రున తిరిగినట్టయింది. తర్వాత వెంట్రుక లాంటి సూదులు పెట్టి లోపల గీకాడు. ముక్కు పగిలే వాసన వచ్చింది గానీ బరువు దిగింది.

అప్పుడాయన చాలా స్పష్టంగా చెప్పాడు. రంధ్రం అలాగే తెరిచి ఉండాలి, లోపలి చీము అంతా బయటికి కారిపోవాలి. తినేటప్పుడు చిన్న దూది పెట్టుకుని, తిన్నాక తీసేయాలి. ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. తను చెల్లెలి పెళ్ళికి ఔరంగాబాద్ వెళ్తున్నాడు, వచ్చే సోమవారం తిరిగొచ్చి మళ్ళీ చూస్తాడు.

బాపు పక్కనే నిలబడి అన్నీ విన్నాడు, తల ఊపాడు కూడా.

మైనం

ఇంటికొచ్చాక రంధ్రంలోకి గాలి తగిలితే చాలు, జివ్వుమనేది. మాట్లాడితే పంటి వెనక సన్నగా ఈల వినిపించేది. బాపు చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఏ సన్నాయి తెచ్చినా ముందు ఆయన చేసే పని అదే.

"గాలి పోతుంది రా."

"తెరిచే ఉంచుమన్నడు కదా బాపు."

"పెండ్లికి జల్ది పోవాల్నని మూసుడు ఇడిసిపెట్టి గట్ల చెప్పిండు. సందు చేసి ఇడిసిపెడ్తరా ఎవలన్న? కూడు పోదా? మురికి పోదా?"

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి. సన్నాయికి కింది భాగంలో ఉండే రంధ్రాలను మైనంతో పూడ్చి శ్రుతి సరిచేస్తాం. ఎంత మైనం, ఎంత లోతు అన్నదాంట్లోనే అంతా ఉంటుంది. ఆ పనిలో బాపుకు సాటి ఎవరూ లేరు. దూరంగా ఉన్న కార్వాన్ బస్తీ నుంచి కూడా సన్నాయిలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

బాపు దీపం సెగకు మైనం మెత్తబరిచాడు. వేళ్ళ మధ్య నలిపి ఆవగింజంత ఉండ చేశాడు. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, సన్నాయి కొసన నోట పెట్టుకునే రెల్లు పీకను సరిచేసే పుల్లతో ఆ ఉండను పంటి వెనక రంధ్రంలోకి తోసి, గోటితో నున్నగా అదిమాడు. వయసొచ్చాక ఆయన చేతులు వణకని పని అదొక్కటే. నాకు మళ్ళీ చిన్నప్పటి రోజులు వచ్చినట్టనిపించి కళ్ళు మూసుకున్నాను.

గాలి తగలడం ఆగింది. జివ్వుమనడం ఆగింది. ఆ పూట కడుపునిండా పప్పూ అన్నం తిన్నాను. బాపు మీసం దువ్వుకుంటూ యాదమ్మతో, "సూసినవా, డాక్టరు చెయ్యనిది నేను చేసిన" అన్నాడు.

ఆషాఢం తొలి రోజులు

మర్నాడు పొద్దుపొడిచేసరికి పన్ను పొడుగయింది. పొడుగవుతుందా అంటారేమో. నాకు అలాగే అనిపించింది. నోరు మూస్తే అన్నిటికన్నా ముందు అదే కింది పంటికి తగిలేది, తగిలితే నెత్తిన పిడుగు పడినట్టు ఎగిరిపడేవాణ్ణి. మధ్యాహ్నానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటే అన్నిసార్లు పన్నూ కొట్టుకోసాగింది. పడుకుంటే ఇంకా ఎక్కువ. గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని, చొంగ తువ్వాలులోకి కారుతుంటే కూర్చునేవాణ్ణి.

లవంగ నూనె అద్దాం. ఉప్పు మూటతో కాపడం పెట్టాం. కాపడం పెట్టగానే నొప్పి రెట్టింపయింది. చల్లటి నీళ్ళు పుక్కిట పట్టుకుంటే మాత్రం ఓ క్షణం ఊరట, మింగేస్తే మళ్ళీ మొదలు. కూజా పక్కన పెట్టుకుని నీళ్ళు నోట పోసుకోవడం, ఉమ్మడం, మళ్ళీ పోసుకోవడం. అదే బతుకయిపోయింది.

పై పెదవి వాచి ముక్కు దాకా ఎక్కింది. తర్వాత ఎడమ కన్ను సగం మూసుకుంది. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వాపు కంటికెక్కితె మనిషి దక్కడంటరు" అని యాదమ్మ చెవిలో అంది. చెవిలో అంటే గల్లీ అంతా వినిపించేలా అన్నమాట.

నేను డాక్టర్ని తిట్టాను. బొంబాయి చదువును తిట్టాను. సూదులు పెట్టి కెలికి నన్ను చంపేశాడని ఏడ్చాను. బాపూ నాతో కలిసి తిట్టాడు. మైనం సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. అది హాయినిచ్చింది కదా. హాయినిచ్చినదాన్ని అనుమానిస్తామా?

యాదమ్మ జావ తెస్తే గిన్నె విసిరికొట్టాను. ఆమె నేల తుడుస్తూ ముక్కు చీదింది. ఒక మధ్యాహ్నం బాపు వాడే పట్టకారు తీసుకుని అద్దం ముందు నిలబడి పన్నును నేనే పట్టుకోబోయాను. ఇనుము తగిలీ తగలగానే కింద కూలబడ్డాను. లేచి చూసేసరికి పట్టకారు లేదు. యాదమ్మ దాన్నీ, రెల్లు చెక్కే కత్తినీ, బావి చేదనూ తాడుతో సహా పక్కింట్లో పెట్టొచ్చింది.

"చేద ఎందుకు పెట్టినవే?" అన్నాను.

"నీ మొకం సూస్తె భయమైతుంది" అంది. ఆమె భయం అబద్ధం కాదు. ఆ రోజుల్లో బావిని చూసినప్పుడల్లా అందులో నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో అనుకునేవాణ్ణి. ఈ ఒక్క మాట రాయడానికి నాకు చాలా సేపు పట్టింది. ఇలాంటి నొప్పి పడుతున్నవాళ్ళకు ఇలాంటి ఆలోచన వస్తే, అది నొప్పి చేసే పనే గానీ మీరు చేసేది కాదు. ఇంట్లోవాళ్ళకు చెప్పండి. చేద ఎత్తుకెళ్ళేవాళ్ళు ఒకరుండాలి.

గుడిలో సేవ ఆగకూడదని బాపే సన్నాయి తీసుకుని వెళ్ళేవాడు. మా ఇంట్లోంచి గుడి సన్నాయి వినిపిస్తుంది. ఆ పాత పెదవులతో ఒక పలుకు పలికించి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఇంకో పలుకు. మధ్యలో గాలి తుస్సుమని పోవడం కూడా వినిపించేది. రెండు చెవులూ మూసుకున్నాను. పన్ను నొప్పికన్నా అదే ఎక్కువ నొచ్చింది.

గుడి పెద్ద ఒకాయన వచ్చి గుమ్మంలోంచే నా ముఖం చూశాడు. "బోనాల నాటికి తయారైతవా? లేకుంటె సికింద్రాబాద్ నుంచి ఎవలన్న పిలిపియ్యాల్నా?" అని అడిగాడు. తప్పుగా అడగలేదు. బాపు, "తయారైతడు" అన్నాడు. ఆయన వెళ్ళాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆదివారం

బాపు సాయంత్రం సేవ నుంచి వచ్చేసరికి నేను నుదురు చల్లటి బండకు ఆనించి బోర్లా పడి ఉన్నాను. బాపు నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు నా వీపు నిమిరాడు.

"పీకిచ్చుకో కొడుకా" అన్నాడు.

నేను తల తిప్పి చూశాను.

"పోతె పోనియ్యి. సన్నాయి పానం కన్న ఎక్కువనా? ఇంకేదన్న పని చేస్కొని బతుకుదువు." లేచి సన్నాయిని గుడ్డలో చుట్టి చిలక్కొయ్యకు తగిలించాడు. తగిలించాక దాని వైపు చూడలేదు.

ముగ్గురం చార్మినార్ దగ్గరికి వెళ్ళాం. అక్కడ ఫుట్‌పాత్ మీద పళ్ళు పీకేవాడు ఎర్ర గుడ్డ పరిచి కూర్చుంటాడు. పీకిన పళ్ళన్నీ గుడ్డ మీద కుప్పగా ఉంటాయి. యాదమ్మ నన్ను భుజాలు పట్టి కూర్చోబెట్టింది. అతను పట్టకారు తుడుచుకుంటున్నాడు. నేను నోరు తెరిచాను.

బాపు అవతలికి తిరిగి నిలబడ్డాడు. తలపాగా కొసతో కళ్ళు ఒత్తుకుంటుంటే ఆ వీపు కదులుతోంది. మా అమ్మ పోయిన రోజున కూడా ఆయన అలా అటు తిరిగే ఏడ్చాడు.

నోరు మూసుకుని లేచాను. "రేపు సోమవారం. రేపటిదాంక ఓర్చుకుంట" అన్నాను.

యాదమ్మ అక్కడే, నడిబజార్లో, నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "తండ్రీకొడుకులకు పిచ్చి లేసింది! సస్తె సన్నాయి ఏడుస్తదా మీకోసం? నేనేడ్వాలె!" నిజమే అంది. అయినా నేను ఇంటివైపు నడిచాను.

సోమవారం

డాక్టరు ఇంకా రాకముందే మేడ మెట్లెక్కాం. గదిలో రెండు బల్లలు, బల్లల నిండా చెంపలు పట్టుకున్న మనుషులు. ఒకరితో ఒకరు మాట్లాడరు, అందరి చూపూ ఆ తలుపు మీదే. లోపల కాలి మిషను కదిలిన చప్పుడు కాగానే అందరి భుజాలూ ఒక్కసారి బిగుసుకునేవి.

నా ముందున్నది బార్కస్ బస్తీ నుంచి వచ్చిన ఒక ముసలాయన. లుంగీ, నడుముకు వెడల్పాటి పట్టీ, పక్కన జామపండ్ల బుట్ట. నా ముఖాన్ని కాసేపు చూశాడు. తన వంతు రాగానే లేవకుండా నా మోకాలు తట్టాడు.

"పైలే తుమ్ జావ్ మియా. మేరా దర్ద్ తో బుడ్ఢా హో గయా."

నా నొప్పి ముసలిదైపోయింది, నువ్వే ముందు వెళ్ళు అన్నాడు. వాచిన మూతితో షుక్రియా కూడా సరిగ్గా అనలేకపోయాను. ఆ పెద్దమనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

బాపు బయటి గదిలోనే కూర్చున్నాడు. డాక్టరు నన్ను చూడగానే నవ్వు మానేశాడు. చిన్న అద్దం పెట్టి పంటి వెనక చూశాడు. సూది మొనతో గీకాడు. సూదికి అంటుకొచ్చినదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"యే క్యా హై? మోమ్?"

మైనం. అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు.

ఆయన ఇంకొంచెం గీకాడు. లోపలేదో తెగినట్టయింది, నోటినిండా ఉప్పగా, కుళ్ళుగా చీము. తొట్టిలోకి ఉమ్ముతూనే ఉన్నాను. ఉమ్ముతుండగానే నొప్పి దిగిపోవడం తెలిసింది. ముందు కంటి నుంచి, తర్వాత ముక్కు నుంచి, తర్వాత పెదవి నుంచి. కుర్చీలోనే వెక్కివెక్కి ఏడ్చాను. అన్ని రోజులూ నొప్పికి ఏడ్చినవాణ్ణి, ఆ రోజు నొప్పి పోయినందుకు ఏడ్చాను.

డాక్టరుకు మాత్రం కోపం నషాళానికి ఎక్కింది. "కోన్ భరా యే? దీన్ని పూడ్చిందెవరు? చీము లోపలే ఉండి పైకి ఎక్కితే కన్ను పోయేది, ప్రాణం పోయేది! తెరిచి ఉంచమని చెప్పానా లేదా? మీ నాయన కూడా విన్నాడు కదా?" అని ఉర్దూలో, బయటికి వినపడనంత గొంతుతోనే బుసకొడుతూ తలుపు వైపు నడిచాడు.

నేను ఆయన కోటు పట్టుకున్నాను. నోట్లోంచి ఇంకా కారుతూనే ఉంది.

"సాబ్, బాపుకు చెప్పకుండ్రి. ఆయనే పెట్టిండు. తెలిస్తె బతకడు."

డాక్టరు నా చేతిని చూశాడు, తలుపు సందులోంచి బయట కూర్చున్న ముసలాయన్ని చూశాడు. మైనం ముక్కను దూదిలో చుట్టి బుట్టలో వేశాడు. చేతులు కడుక్కుని, బయటికి వెళ్ళి, "బాబా, బేటా బచ్ గయా. అబ్ ఉస్ దాంత్ కో కోయీ హాత్ నక్కో లగావ్" అన్నాడు. కొడుకు గట్టెక్కాడు, ఆ పన్నును ఇక ఎవరూ ముట్టుకోవద్దు అని. బాపు ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

మెట్లు దిగుతూ, "పన్ను ఉంటదన్నడా?" అని అడిగాడు బాపు.

"ఉంటదన్నడు."

"నేను మైనం పెట్టకుంటే ఎప్పుడో ఊడిపోతుండె" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

తర్వాత

వాపు దిగింది. డాక్టరు ఇంకా కొన్ని మార్లు శుభ్రం చేసి, మందు పెట్టి, చివరికి తనే రంధ్రం మూశాడు. మూశాక మళ్ళీ కొద్దిగా సలిపింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అది మామూలేననీ, రోజురోజుకూ తగ్గితే భయం లేదనీ, పెరుగుతుంటే మాత్రం వెంటనే రమ్మనీ చెప్పాడు. తగ్గింది. యాదమ్మ చేదా, పట్టకారూ, కత్తీ తెచ్చి వేటి చోట అవి పెట్టింది. ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది. మా ఇళ్ళలో అలాంటివి చెయ్యరు, అందుకని ఆ రోజు నీళ్ళు నేనే తోడాను.

బోనాల నాడు ఫలహారం బండి ముందు నేనే ఊదాను. పెదవి నిలిచింది. బాపు నా వెనకే, జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ, ఎవరి భుజమూ నాకు తగలకుండా నడిచాడు.

ఇంతటితో ఆపేసేవాణ్ణి. కానీ బాపు గల్లీలో ఎవరికి పన్ను నొచ్చినా మైనం సంగతి చెబుతున్నాడు. ఉండ చేసి ఇస్తానంటున్నాడు కూడా. నేను ఆయన వెనకే తిరిగి, ఇంటింటికీ వెళ్ళి వద్దని చెప్పొస్తున్నాను. ఎన్ని ఇళ్ళు తిరగను? అందుకే ఇది రాయడం.

మొన్న అరుగు మీద కూర్చుని రాస్తుంటే బాపు వచ్చి పక్కన చేరాడు.

"ఏం రాస్తున్నవ్ కొడుకా?"

"పన్ను నొప్పి ముచ్చట బాపు. ఎవలకన్న అక్కరకొస్తదని."

కాగితం చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. తెలుగు కదా, తిరిగిచ్చేశాడు.

"నా మైనం ముచ్చట రాసినవా?"

"ఇప్పుడే రాస్తున్న."

"మంచిగ రాయి. మర్వకు."

ఆయన చూస్తుండగానే రాశాను. డాక్టరు తెరిచి ఉంచమన్న పంటిని ఎవరూ మూయకండి. ఎంత ప్రేమగలవాళ్ళు వచ్చి మూస్తామన్నా మూయనివ్వకండి.

"రాసినవా?" అన్నాడు బాపు.

"రాసిన" అన్నాను.